లెదర్ జాకెట్ అంచున మరక

నాయన లెదర్ జాకెట్ నేను వేసుకోవడానికి అమ్మ రెండేళ్లకు ఒప్పుకుంది. ఆయన పోయినప్పటి నుంచి అది బీరువాలోనే ఉంది. నాదర్‌గుల్‌లో విమానం నడపడం నేర్పేచోట నాయన మెకానిక్. చలికాలం పొద్దున్నే ఎల్బీనగర్ నుంచి స్కూటర్ మీద ఆ లేత గోధుమరంగు జాకెట్ తొడుక్కుని వెళ్లేవాడు. ఆఫీసుకు బైకు మీద పోతూ నేను చలికి వణుకుతున్నానని, వారం రోజులు ఊరికి బయల్దేరుతూ అమ్మ బీరువా తాళంచెవి నా చేతిలో పెట్టింది.

"తొడుక్కో. కానీ పైలం రా. నేనొచ్చేసరికి దానికేమన్న అయ్యిందో, సూడు మరి!"

కావడానికి ఇంకేం మిగిలింది? కుడి చేతికి గ్రీజు, జేబు మీద టీ మరక, ముందు అంచు మూలకు వేలిముద్రంత పచ్చటి మచ్చ. అమ్మ వచ్చేసరికి కొత్తదానిలా చేసి మంచి పేరు కొట్టేద్దామని నా ఉబలాటం. బాత్రూంలో కూర్చుని, ముందుగా ఆ పచ్చమచ్చకు సబ్బు పెట్టి బ్రష్‌తో రుద్దాను. అది కాస్తా ఎర్రగా తిరిగింది!

నా భార్య తలుపు దగ్గర నిలబడి పడీపడీ నవ్వింది. "పసుపుకు సబ్బు పెడ్తరా ఎవరన్న? ఎర్రగైతదని తెల్వదా?"

తెలిస్తే రుద్దుతానా? నాయన టిఫిన్ డబ్బాలోంచి కూర కారి ఉంటుందనుకున్నాను. కొరివితో తల గోక్కున్నట్టయింది నా పని. మర్నాడే జాకెట్ పట్టుకుని దిల్‌సుఖ్‌నగర్ పరుగెత్తాను. అక్కడ ఒక గల్లీలో తోలు బ్యాగులు బాగుచేసే పెద్దాయన ఉన్నాడు. అంచు తడిమి చూశాడు, తర్వాత నన్ను చూశాడు.

"నీళ్లు పోసినవా?"

"జరంత."

"జరంతనా? తోలంటే లుంగీ అనుకున్నవా, సబ్బు పెట్టి ఉతకనీకి? నీళ్లు తాగితే బిర్రుగైతది, పగుల్తది."

చీవాట్లు పెడుతూనే గ్రీజు మీద పౌడర్ చల్లాడు. అది జిడ్డును పీల్చుకోవాలట, మర్నాడు రమ్మన్నాడు. వెళ్లేసరికి గ్రీజు పోయింది, టీ మరక పోయింది. అంచు దగ్గర మాత్రం ఆగాడు.

"గిది మొండిది. వెనిగర్ బట్టతోని ఒత్తి, మీద రంగు ఎయ్యాలె. తియ్యాల్నా, ఉంచాల్నా?"

"ఉంచడానికి అదేమన్నా పుట్టుమచ్చా? తీసెయ్ చాచా!" అని విసుక్కున్నాను. ఆయన తీసేశాడు. ఎక్కడుందో నేనే వెతుక్కోవాల్సినంత శుభ్రంగా తీసేశాడు.

ఆదివారం అమ్మ వచ్చింది. నేను జాకెట్ తొడుక్కుని, కాలర్ ఎగరేసి పెళ్లికొడుకులా నిలబడ్డాను. అమ్మ నా ముఖం చూడలేదు, గ్రీజు పోయిన చేతి వంకా చూడలేదు. తిన్నగా అంచు మూల పట్టుకుంది. ఇటు తిప్పింది, అటు తిప్పింది.

"గీడ పసుపేదిరా?"

"మరక కదమ్మా, తీయించిన."

"మరకనా! కొత్తబట్టకు పసుపు పెట్టకుంట మీ నాయిన్ని ఎన్నడన్న తొడగనిచ్చిన్నా? తోలుకు పసుపేందే అని నవ్విండు. అయినా ఇనలే, పెట్టిన. మల్ల ఆయన ఒక్కనాడు తుడవలే."

నా తల కొట్టేసినట్టయింది. చాచా అడిగాడు కూడా. ఉంచమంటే ఉంచేవాడు. నన్ను నేనే తిట్టుకుంటూ వంటింట్లోకి పోయి, పసుపు తడిపి గిన్నెలో తెచ్చాను.

"మళ్లీ పెట్టమ్మా."

అమ్మ చేయి వెనక్కి తీసుకుంది. నాయన పోయాక ఇంట్లో ఏ కొత్తబట్టకూ ఆమె పసుపు పెట్టలేదు. నా భార్యే పెడుతోంది. ఈ రెండేళ్లలో ఆ సంగతి నేనసలు గమనించనే లేదు.

"నేను పెట్టొద్దు బిడ్డా. కోడల్ని పెట్టమను."

నాకు ఒళ్లు మండింది. "ఎవరు చెప్పిండ్రు పెట్టొద్దని? నువ్వు పెడితేనే తొడుగుత. లేకుంటే తీస్కపోయి బీరువల పడేస్కో!"

అమ్మ నా చేతిలోంచి గిన్నె తీసుకుంది. తర్వాత చూపుడువేలు ముంచి, అదే అంచున, అదే మూలకు గట్టిగా ఒత్తింది.

"మల్ల సబ్బు పెట్టినవంటే చేతులిరగ్గొడ్త," అంది, కొంగుతో కళ్లు తుడుచుకుంటూ.