ట్రైన్ నడుస్తుందన్నాను

మీరెవరో నాకు తెలీదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నానేమో. నేను ఏళ్ళుగా మోస్తున్నది ఒక అబద్ధం. పెద్దదేం కాదు, ఫోన్లో రెండు ముక్కలు. దాన్ని లోపల పెట్టుకునే పెళ్ళి చేసుకున్నాను, బిడ్డను కన్నాను, బ్లూ కార్డు అనే పని వీసా దాటి పర్మనెంట్ రెసిడెన్స్ దాకా వచ్చాను. ఎక్కడా దించుకోలేకపోయాను. మా ఆయనకు కూడా తెలియదు. ఇంతకన్నా పెద్ద తప్పులు చేసినవాళ్ళు హాయిగా ఉన్నారు కదా అని నాకు నేనే చాలాసార్లు చెప్పుకున్నాను. నిజమే కావచ్చు. నాకు మాత్రం అది పనికి రాలేదు.

నేను అన్యాయం చేసిన మనిషిని ఇక్కడ హిమజ అంటాను. అసలు పేరు వేరు. కాకినాడ వైపు అమ్మాయి. బెర్లిన్‌లో ఎమ్మెస్‌కి నాకన్నా ఒక సెమిస్టర్ ముందు వచ్చింది. వెడ్డింగ్ అనే పేటలో మేమున్న హాస్టల్లో చెరో గది, వంటిల్లు ఒకటే. వాట్సాప్ గ్రూపులో తప్ప ముఖం తెలియని నన్ను తీసుకెళ్ళడానికి తనంతట తనే స్టేషన్‌కి వచ్చింది. ఆ రోజే నా సంగతి బయటపడింది.

నీలం బోర్డు మీద తెల్లటి ‘యూ’ అక్షరం, భూమి కింద నడిచే రైలు గుర్తు. దాని కింద మెట్లు. హిమజ నా పెద్ద సూట్‌కేసు పట్టుకుని రెండు మెట్లు దిగింది. నేను పైనే ఆగిపోయాను. కింద నుంచి వెచ్చటి గాలి వచ్చి ముఖానికి తగిలింది.

మాది బొగ్గుబాయిల ఊరు. మా నాయిన బాయిలోకి దిగేవాడు. నేను చిన్నపిల్లగా ఉన్నప్పుడు ఒకసారి లోపల కప్పు కూలింది. నాయినా, ఆయనతో పనిచేసే ఇంకొందరూ లోపలే ఉండిపోయారు. గేటు ముందు అమ్మ కొంగు పట్టుకుని నిలబడ్డాను. మా చుట్టూ ఉన్న ఆడవాళ్ళు ఏడుస్తుంటే అమ్మ ఏడవలేదు. నా భుజం మీద చెయ్యి వేసి ఉంచింది, ఆ చెయ్యి బరువు నాకిప్పటికీ తెలుసు. నాయిన బతికి వచ్చాడు. అందరూ రాలేదు. తర్వాత ఆయన మళ్ళీ దిగాడు, రిటైరయ్యేదాకా దిగాడు. నేను మాత్రం హైదరాబాద్‌లో షాపింగ్ మాల్ సెల్లార్‌కి కూడా వెళ్ళేదాన్ని కాదు. జర్మనీకి వచ్చేముందు చలి గురించి అడిగాను, తిండి గురించి అడిగాను, ఇల్లు దొరకడం గురించి అడిగాను. రైళ్ళు భూమి కింద నడుస్తాయని తెలుసు. కానీ నేను దిగాలి కదా అన్న ఆలోచనే రాలేదు.

హిమజ ఏమీ అడగలేదు. సూట్‌కేసుతో మళ్ళీ పైకొచ్చి, ‘బస్సులో వెళ్దాం, ఊరు కూడా కనబడుతుంది’ అంది. రెండు బస్సులు మారి వెళ్ళాం. మర్నాడు వంటింట్లో పప్పుచారు పోస్తుంటే నేనే చెప్పాను. వింది. నవ్వలేదు. జాలి కూడా పడలేదు. సైకిల్ తొక్కడం రానివాళ్ళతో అన్నట్టు, ‘సరే, నేర్చుకుందాం’ అంది.

నిజంగానే నేర్పించింది. మొదట ప్లాట్‌ఫాం మీదికి దిగి ఊరికే కూర్చునేవాళ్ళం. ట్రైన్లు వస్తుండేవి, పోతుండేవి. నాకు ఊపిరాడనప్పుడు పైకి తీసుకొచ్చేది. కొన్నాళ్ళకి ఒక్క స్టేషన్ దూరం. ట్రైన్ చీకట్లోకి దూరగానే నేను కళ్ళు మూసుకునేదాన్ని. అప్పుడు తను చెవి దగ్గర చెప్పడం మొదలుపెట్టేది. ‘ఇప్పుడు మన నెత్తి మీద టర్కీ వాళ్ళ కూరగాయల కొట్టుంది. వంకాయలు బయటే పెట్టాడు. ఇప్పుడు స్కూలు. పిల్లలు ఇంటర్వెల్లో అరుస్తున్నారు. ఇప్పుడు ఒక ముసలాయన కుక్కను తిప్పుతున్నాడు, అది ఆగనంటోంది.’ స్టేషన్లో దిగి పైకొచ్చి చూసేవాళ్ళం. కొట్టు నిజంగా ఉండేది. వంకాయలు కూడా. కుక్క సంగతి మాత్రం కల్పించేదని తర్వాత ఒప్పుకుంది.

ఆ చలికాలం అయ్యేసరికి నేను ఒక్కదాన్నే యూనివర్సిటీకి వెళ్ళి వస్తున్నాను. ట్రైన్లో నిలబడి, పైన కమ్మీ పట్టుకుని, జర్మన్ పాఠాలు వింటూ. అందరికీ మామూలు విషయం. నాకది ఎంత పెద్ద విషయమో మీకు అర్థమవుతుందనుకుంటాను. ఒక ఊరికి ఊరే నాకు ఇచ్చింది ఆమె. ఆదివారాలు ఏదో ఒక స్టేషన్ పేరు ఎంచుకుని, అక్కడ దిగి, ఆ చుట్టుపక్కలంతా నడిచేవాళ్ళం. ఆమెకు ఆ రైళ్ళంటే పిచ్చి ఇష్టం. పెద్దయ్యాక కూడా ఇక్కడే ఉంటాను అనేది. మేమప్పటికే పెద్దవాళ్ళమన్న సంగతి గుర్తులేనట్టు.

ఇంతవరకూ చెప్పడం తేలిక. మంచి సంగతులు కదా.

చదువులు అయిపోయాయి. ఉద్యోగం వెతుక్కోవడానికి ఇచ్చిన వీసా మీద ఇద్దరం ఉన్నాం. మాలాంటివాళ్ళు ఊరినిండా ఉన్నారు. అప్లికేషన్ పెట్టడం, ‘దురదృష్టవశాత్తు’ అని మొదలయ్యే మెయిల్ రావడం, ఇదే పని. ఒకరోజు హిమజ ఒక ప్రకటన లింకు పంపింది. నన్ను గుర్తుచేసుకుని, తనే పంపింది. ‘ఇద్దరం వేద్దాం. ఎవరికొస్తే వాళ్ళు చేపల పులుసు పెట్టాలి’ అంది. ఇద్దరికీ పిలుపు వచ్చింది. ఒకే రోజు, ఊరికి అటు చివర స్టెగ్లిట్జ్‌లో. నాకు పొద్దున, ఆమెకు మధ్యాహ్నం తర్వాత. ఉద్యోగం మాత్రం ఒకటే. ముందురోజు వంటింటి బల్ల దగ్గర కూర్చుని ఒకరినొకరం ప్రశ్నలడుక్కున్నాం. ఆమె జవాబులు నావాటికన్నా బాగున్నాయి. అది నాకు తెలుసు. అప్పుడే తెలుసు.

ఆ రోజు మా లైనులో బయల్దేరాను. సగం దూరం వెళ్ళాక ఒక స్టేషన్లో అందరినీ దిగమన్నారు. ముందు పట్టాల పని జరుగుతోందట, ట్రైన్ వెళ్ళదు, పైన బస్సు ఎక్కాలి. పైకొచ్చేసరికి బస్సు కోసం జనం. ఎక్కాక రోడ్డు మీద కదలని కార్లు. నేను భయం కొద్దీ చాలా ముందే బయల్దేరాను కాబట్టి వేళకి అందుకున్నాను. ఇంటర్వ్యూ అటూ ఇటూ కాకుండా అయింది. బయటికొచ్చి బేకరీ ముందు బెంచీ మీద కూర్చున్నాను. అప్పుడు ఫోన్ మోగింది.

“ఎలా జరిగిందే?” హిమజ.

“ఏమో. మంచిగనే అయింది.”

“నే చెప్పలేదా, నీకేం తక్కువ! సరే గానీ విను. నేను బయల్దేరుతున్నా. యాప్‌లో మన లైను మీద ఏదో ఎర్రగా చూపిస్తోంది. దాన్ని నమ్మడానికి లేదు, పోయిన వారం కూడా ఊరికే చూపించింది. పొద్దున నువ్వు అందులోనే వెళ్ళావుగా, ట్రైన్ నడుస్తోందా? లేదంటే ఇంకో లైను, ఎస్-బాన్ ఎక్కి వచ్చేస్తాను, టైముంది.”

నేను మాట్లాడలేదు.

“ఏమే, వినపడుతోందా?”

“ఆ. నడుస్తుంది. నేను సీదా వచ్చిన.”

“హమ్మయ్య. ఉంటా మరి. ఏదన్నా తిను, పొద్దున్నుంచి ఏం తిని ఉండవు.”

అంతే. ఆమె అడిగినదానికీ నేను చెప్పినదానికీ మధ్య ఆ కాస్త ఖాళీ ఉంది చూశారా, నేను ఇన్నేళ్ళూ బతికింది అందులోనే. నోరు జారి అన్నానా? లేదు. నోరు జారితే వెంటనే వచ్చేస్తుంది. నేను ఆగాను. ఆగి, ఆలోచించి, ఆమె జవాబులు నావాటికన్నా బాగున్నాయని గుర్తు తెచ్చుకుని, ఆ తర్వాత అన్నాను. ఫోన్ పెట్టేశాక కూడా కావలసినంత టైముంది. ఒక్క మెసేజ్ పెడితే సరిపోయేది. పొరపాటున చెప్పాను, రావద్దు అని. ఫోన్ చేతిలోనే ఉంది. పెట్టలేదు. లేచి బేకరీలోకి వెళ్ళి, ఆమె తినమంది కదా అన్నట్టు, చీజ్ రొట్టె కొనుక్కుని తిన్నాను. ఆకలిగానే ఉంది. అదీ చెప్పాలి మీకు. రుచిగానే ఉంది.

కొంతసేపటికి ఆమె నుంచి మెసేజ్ వచ్చింది. ‘లైను బందే! బస్సులో ఇరుక్కున్నా. నువ్వు హాస్టల్‌కి వెళ్ళేటప్పుడు ఎస్-బాన్‌లో వెళ్ళు, అవస్థ పడతావు.’

తిట్టి ఉంటే బాగుండేది.

ఆమె ఆలస్యంగా చేరింది. వాళ్ళు మర్యాదగానే మాట్లాడారట. కానీ తర్వాత వాళ్ళకు వేరే మీటింగు ఉందట, కాసేపు కూర్చోబెట్టి పంపేశారు. సాయంత్రం హాస్టల్‌కి వచ్చి బూట్లు విప్పుకుంటూ, నేను నోరు తెరవకముందే, ‘నువ్వు వెళ్ళిన తర్వాత ఆపేసి ఉంటారే, ఏం చేస్తాం’ అంది. నా కోసం సాకు కూడా తనే వెతికి పెట్టింది. నేను ‘అయ్యుంటది’ అన్నాను. మొదటి అబద్ధం కన్నా ఇదే నాకు ఎక్కువ గుచ్చుకుంటుంది. మొదటిది భయంలో చెప్పాను అనుకోవచ్చు. ఇది చెప్పేటప్పుడు భయం లేదు. ఎదురుగా ఆమె తడి సాక్సులు రేడియేటర్ మీద ఆరేస్తోంది.

ఉద్యోగం నాకొచ్చింది. పందెం ప్రకారం పులుసు నేను పెట్టాలి. కానీ ‘నీకు చేపలు కడగడం కూడా రాదు’ అని తనే పెట్టింది. తిన్నాను. బ్లూ కార్డు టెర్మిన్‌కి, అంటే ఆఫీసులో అపాయింట్‌మెంట్‌కి, నాతో పాటు వచ్చి, వెయిటింగ్ హాల్లో నా జాకెట్ పట్టుకుని కూర్చుంది.

ట్రైన్ ఆగిపోయిందని చెప్పి ఉంటే ఆమెకే వచ్చేదా? తెలీదు. వాళ్ళకు నేనే నచ్చానేమో. ఆమె వేళకి వచ్చినా నన్నే తీసుకునేవాళ్ళేమో. ఈ ‘ఏమో’లను పట్టుకుని చాలా ఏళ్ళు వేలాడాను. తర్వాత ఒకటి అర్థమైంది. అది తెలిసే దారే లేకుండా చేసింది నేనే. నా ఉద్యోగం నాదో కాదో నాకు కూడా ఎప్పటికీ తెలియదు.

హిమజకు ఆ తర్వాత చాలా నెలలు ఏమీ దొరకలేదు. గోడౌన్‌లో పార్శిళ్ళు సర్దింది. వీసా అయిపోవస్తుండగా బ్రెమెన్‌లో విమానాల భాగాలు చేసే చోట పని దొరికి వెళ్ళిపోయింది. ఇప్పుడు బాగానే ఉంది. మంచి భర్త, సొంత ఇల్లు. ఆమె బాగుంది కదా అని నన్ను నేను క్షమించేసుకోబోయిన రోజులున్నాయి. కానీ ఆమె బాగుపడటం ఆమె గొప్పతనం. అందులో నాకు వాటా లేదు. పైగా బ్రెమెన్‌లో భూమి కింద రైళ్ళు లేవు, ట్రాములే. ‘ఇక్కడ అన్నీ పైనే కనబడిపోతాయే, ఏం మజా లేదు’ అని వెళ్ళిన కొత్తలో ఫోన్లో నవ్వుతూ అంది. ఆమె ఇష్టపడ్డ ఊళ్ళో నేను ఉంటున్నాను.

ఉంటున్నాను, సంతోషంగానే ఉంటున్నాను. ఇదీ దాచను. పొద్దున పాపను కీటాకి, అదే పసిపిల్లల బడికి, తీసుకెళ్ళేది ఆ రైల్లోనే. పాప జర్మన్‌లో అడుగుతుంది, ఇప్పుడు మన పైన ఏముంది అని. నేను తెలుగులో చెబుతాను. కూరగాయల కొట్టు, స్కూలు, మాట వినని కుక్క. పాప నవ్వుతుంది. నా బిడ్డకు చీకటంటే భయం లేదు. అది కూడా హిమజ పెట్టిన భిక్షే. నేను ఎవరికి ద్రోహం చేశానో, రోజూ పొద్దున్నే ఆమెకే రుణపడుతున్నాను. ఈ రెండూ ఒక్క గుండెలో ఎలా ఇముడుతున్నాయో నాకే ఆశ్చర్యం. కానీ ఇమిడాయి. కృతజ్ఞతే ఎక్కువ చోటు తీసుకుంది. దాని పక్కన ఇదీ ఉంది, కదలకుండా.

మొన్న వసంతంలో బ్రెమెన్ వెళ్ళాను. ఈసారి చెప్పేద్దామనే వెళ్ళాను. నది ఒడ్డున నడుస్తూ హిమజ వాళ్ళాయనతో నా గురించి గొప్పలు చెప్పింది. ‘ఇది మెట్ల దగ్గరే వణికిపోయేదండి, ఇప్పుడు బెర్లిన్‌లో దీనికి తెలియని స్టేషన్ లేదు.’ సొంత చెల్లెలి గురించి చెప్పినట్టు. చెప్పాలనుకున్నది చెప్పలేదు. చెబితే ఆమె ఏమంటుందో నాకు తెలుసు. ‘పోనీలేవే’ అంటుంది. ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా అంటుంది. ఆ మాట కూడా ఆమె దగ్గర తీసుకోవాలా? ఇప్పటికే ఎన్ని తీసుకున్నాను? అలా అనుకుని ఊరుకున్నాను. ఇది నా సంస్కారమో, అదే పాత పిరికితనం కొత్త చీర కట్టుకుని వచ్చిందో తేల్చుకోలేకపోతున్నాను. రెండోదే అయ్యుండొచ్చు.

వచ్చేటప్పుడు స్టేషన్‌లో ఆమెను పట్టుకుని, ఆ రోజుల్లో నువ్వు చేసినదానికి థాంక్స్ అన్నాను. ‘థాంక్స్ ఏంటే, పిచ్చిదానా’ అని వీపు మీద ఒకటి వేసింది.

ఇప్పుడు ఇదంతా రాశాక, ఛాతీ మీద నుంచి ఎవరో లేచి పక్కకి జరిగినట్టుంది. వెళ్ళిపోలేదు, జరిగారు. మీరు నన్ను క్షమించనక్కర్లేదు. ఆ అధికారం మీకు లేదు, నాకు ఆ ఆశా లేదు. కృతజ్ఞత ఆమెకు చెప్పగలిగాను. తప్పు మీకు చెప్పాను. రెండూ ఒకే మనిషికి చెప్పే ధైర్యం ఇంకా రాలేదు.