నేను పొడుగైన వేసవి

మొన్న ఆదివారం పొద్దున్న కాఫీ కలుపుకుంటూ ఉంటే మా బావ కూతురు ఫోన్ చేసింది. ఏడో తరగతి పిల్ల, బెజవాడలో రోలర్ స్కేటింగ్ నేర్చుకుంటోంది. చక్రాల మీద పరుగు పందేలు కాదు, పాటకి తగ్గట్టు తిరుగుతూ ఎగురుతూ చేసే ఫిగర్ స్కేటింగ్. అదీ ఒకబ్బాయితో జంటగా. పలకరింపూ అదీ ఏమీ లేకుండా, "అత్తా, ఇంక పొడుగవకుండా ఉండాలంటే ఏం తినడం మానెయ్యాలి?" అంది. "ఏమీ మానక్కర్లేదు, వెళ్ళి పెరుగన్నం తిను" అని కసిరి పెట్టేశాను. పెట్టేశాక కాఫీ సహించలేదు. సరిగ్గా ఆ వయసులో నేనూ ఆ ప్రశ్నే అడిగాను. మనుషుల్ని అడిగే ధైర్యం లేక దేవుణ్ణి అడిగాను.

బావంటే మా మేనత్త కొడుకు, నాకంటే ఏడాది పెద్ద. వేసవి సెలవుల్లో మా అల్లరి భరించలేక ఇద్దర్నీ తీసుకెళ్ళి స్కేటింగ్‌లో పడేశారు. కూచిపూడి పక్క ఊళ్ళో పుట్టిన మా నాయనమ్మకి ఇది బొత్తిగా మింగుడు పడలేదు. గజ్జెలు కట్టాల్సిన కాళ్ళకి చక్రాలు కట్టారని వచ్చిన వాళ్ళందరికీ చెప్పుకుని బాధపడేది. రింకంటే పెద్ద విశేషమేమీ కాదు, నున్నటి సిమెంటు గచ్చు, చుట్టూ ఇనుప కమ్మీ. బెజవాడ ఎండల సంగతి తెలిసిందే కాబట్టి గచ్చు కాలకముందే సాధన ముగించేవాళ్ళం. నేను చక్రాల మీద నడిచేదాన్ని. బావ మాత్రం కాలవలో నీళ్ళు సాగినట్టు సాగేవాడు. అయినా మాస్టారు మమ్మల్ని జంట చేశారంటే నాలో ఉన్న గొప్పదనం ఒక్కటే, కందిపుల్లలా ఉండేదాన్ని. బావ నన్ను తలపైకి ఎత్తి, గిరగిరా తిరుగుతూ, చేతులు వణక్కుండా దించేవాడు. "అప్పుడే నెత్తికెక్కించుకుంటున్నాడమ్మా" అని చుట్టాలు మేలమాడేవాళ్ళు. రాష్ట్రంలో మొదటి బహుమతి వచ్చింది. జాతీయ పోటీల్లో వెండి పతకం వచ్చింది. మరుసటి ఏడు బంగారం వస్తే పై దేశం పంపిస్తారని మాస్టారు ఆశపెట్టారు. బావ అప్పట్నించీ నిద్రలో కూడా స్టెప్పులు లెక్కపెట్టుకునేవాడట.

ఆ వేసవిలోనే నేను నూజివీడులో అమ్మమ్మగారింటికి వెళ్ళాను. బుట్టల కొద్దీ చిన్నరసాలు, మీగడ పెరుగు, మధ్యాహ్నం నిద్రలు. తిరిగొచ్చేసరికి పాదాల దాకా ఉండాల్సిన పరికిణీ పిక్కల దగ్గరే ఆగిపోయింది. రింకులో పక్కన నిలబడితే బావ తలెత్తి చూసి, "ఏం తిన్నావే?" అని పడీపడీ నవ్వాడు. మొదటిసారి ఎత్తినప్పుడు మాత్రం నవ్వలేదు. మోచేతులు వణికాయి. ఆ రోజు నుంచీ నేను పొద్దున టిఫిన్ కాకులకి వెయ్యడం మొదలుపెట్టాను. ఎలా కనిపెట్టాడో, బావ ఇడ్లీలు పొట్లం కట్టించుకొచ్చి నా ముందు పెట్టేవాడు. "తినకుండా పైకెక్కితే కళ్ళు తిరిగి పడతావు. ఎత్తేది నేను, నీకెందుకు దిగులు?" అనేవాడు.

ఆ ఏడు జాతీయ పోటీలు ఎక్కడో ఉత్తరాదిన జరిగాయి. చివరి లిఫ్టులో నేను పైన ఉండగా, కింద అతని కుడి భుజంలో ఏదో పుటుక్కుమనడం నా నడుముకి తెలిసింది. వదిలేసి ఉండొచ్చు. వదల్లేదు. మోకాళ్ళు వంచి, నిండుబిందె దించినట్టు నన్ను నెమ్మదిగా దించి, ఎడమచేత్తో న్యాయనిర్ణేతలకి దణ్ణం పెట్టాడు. తర్వాత డాక్టర్లు ఆపరేషన్ చేశారు కానీ, ఆ చెయ్యి మళ్ళీ భుజం దాటి లేవలేదు.

నేను ఒంటరిగా ఆడాను. పొడుగు కాళ్ళు సింగిల్స్‌లో అందమన్నారు. పతకాలొచ్చాయి, స్పోర్ట్స్ కోటాలో సీటొచ్చింది, ఆపైన ఉద్యోగమూ వచ్చింది. ప్రతి పతకానికీ మా అత్తయ్య సున్నుండలు చేసి నా నోట్లో పెట్టేది. ఆ ఇంట్లో ఎవరూ నన్ను పల్లెత్తు మాట అనలేదు. ఒక్క మాట అనుంటే ఎంత తేలికపడేదాన్నో! బావ బాగా చదువుకుని కొండపల్లి దగ్గర థర్మల్ స్టేషన్‌లో ఇంజనీరయ్యాడు. అతని పెళ్ళిలో తలంబ్రాల వేళ చెయ్యి పైకి లేవకపోతే, పెళ్ళికూతురే తల బాగా వంచింది. ఎంత అణకువో అని అందరూ మురిసిపోయారు. నేను లేచి వడ్డనల దగ్గరికి వెళ్ళిపోయాను.

పోయినేడు అత్తయ్య చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తూ, మాటల్లో అనేసింది. "నువ్వు పొడుగైనప్పుడే మీ మాస్టారు స్కేటింగ్‌లో వీడికి జంటగా వేరే చిన్నపిల్లని చూశారే. వీడే ససేమిరా అన్నాడు." నాకా సంగతి తెలియదు. వీధి అరుగు మీద పేపరు చదువుతున్న బావ దగ్గరికి వెళ్ళి నిలదీశాను.

"నాకెందుకు చెప్పలేదు బావా?"

"చెబితే మానేసేదానివి."

"మానేస్తే నీ చెయ్యి నీకుండేదిగా!"

పేపరు మడిచి పక్కన పెట్టాడు. "ఉండేదేమో. కానీ నేను నీకోసం ఎత్తాననుకుంటున్నావేమో, అదేం లేదు. ఎత్తలేనని ఒప్పుకోవడానికి నాకు సిగ్గేసింది. ఆ వయసు మగపిల్లాడికి అంతకంటే చెయ్యి పోవడమే నయమనిపిస్తుంది. ఇన్నేళ్ళూ నా పొగరుకి నువ్వు బాధపడ్డావన్నమాట" అని నవ్వి, కాఫీ తెమ్మని లోపలికి కేకేశాడు.

అది నిజమో, నా మనసు కుదుటపడాలని అప్పటికప్పుడు అల్లిన మాటో నాకు తెలియదు. గుచ్చి అడిగే ధైర్యమూ లేకపోయింది. ఏళ్ళు గడిచేకొద్దీ తప్పెవరిదో తేలిపోతుందని అనుకునేదాన్ని. కాలం తేల్చేది ఏమీ ఉండదు. తేల్చుకోవాలన్న పంతాన్ని మాత్రం కొంచెం కొంచెంగా అరగదీస్తుంది, నాలో అది ఇంకా చాలానే మిగిలుంది.