మోకాళ్ల ముచ్చట ముందుగాల

రుక్కి రోజూ పొద్దుగాల వాకిట్ల కడవ నిండా నీళ్లు పెట్టి, బంజారాల గురువు సేవాలాల్ మహరాజ్‌కు దండం పెట్టుకున్నాకే పనికి బయలుదేరేది. కూలికి పోయేటోళ్లు ఆగి దూప తీర్చుకుంటే, ఆ పూజ దేవుడికి అందినట్టే అనుకునేది.

బయ్యారం పక్క తండా ఆమెది. సకల జనుల సమ్మె నడుస్తున్న రోజులవి. ఇంటింటికీ పోయి ఆరోగ్యం గురించి, దాంతోపాటు ఉద్యమం మీద ఒక ప్రశ్న అడిగి రాసే పనిని ఒక సేవాసంస్థ ఆమెకు అప్పగించింది. వారం తేడాతో రెండుసార్లు అడగాలి. రెండు జవాబులూ కలిస్తేనే లెక్క నమ్ముతారు. నమ్మితేనే వారం వారం తండాకు డాక్టర్ వస్తాడు.

జవాబులు కలవలేదు. సంస్థ తరఫున ఆమె పని చూసుకునే కైసర్ మానుకోట నుంచి వచ్చి నిష్ఠూరమాడాడు.

"అక్కా, ఇంట్ల కూసోని రాసినవా ఏంది? సాలమ్మ మోకాళ్లు పోయినవారం ఉక్కు, ఈ వారం తుక్కు!"

రుక్కి కళ్లల్ల నీళ్లు తిరిగాయి. "నువ్వే వచ్చి అడుగన్నా" అని సాలమ్మ ఇంటికి తీస్కపోయింది.

కైసర్ కాగితంలో ఉన్న వరుసనే అడిగాడు. "అవ్వా, తెలంగాణ వస్తదా?"

"రాక ఏడికి పోతది బిడ్డా!" ముసలామె తొడ చరిచింది.

"మోకాళ్ల నొప్పులున్నయా?"

"నాకేం నొప్పులు? పట్నం దాక నడుస్త!"

అంతలోనే అతనికి మంచినీళ్లు తెద్దామని లేవబోయి, లేవలేక గోడ పట్టుకుంది. రుక్కి భుజం ఆనించింది. రుక్కికి అప్పుడు తట్టింది. అందరి మాటా తెలిసిందే గదా అని, రెండోసారి అడిగినప్పుడు ఉద్యమం ప్రశ్నను తనే చివరికి నెట్టింది.

"అన్నా, ముందుగాల పౌరుషం అడిగి, ఎంటనే నొప్పి అడిగితే ఎవలు ఒప్పుకుంటరు?"

కైసర్ నవ్వి తల గోక్కున్నాడు. "ఉత్తగనే నిన్ను పరేషాన్ చేసిన అక్కా, మాఫ్ చెయ్. తప్పు ప్రశ్నల వరుసది."

ఈసారి నొప్పులు ముందు, ఉద్యమం చివర. మళ్లీ వారం తేడాతో ఇద్దరూ ఇల్లిల్లూ తిరిగారు. ఏ ఇల్లూ విసుక్కోలేదు. సాలమ్మయితే జొన్నరొట్టె పెట్టందే కదలనియ్యలేదు. జవాబులు అచ్చు గుద్దినట్టు కలిశాయి. సంస్థ ఒప్పుకుందని కైసర్ కేక వేసి చెప్తే, ఆడవాళ్లు చప్పట్లు కొట్టి చుట్టూ తిరిగి ఆడారు. "జై తెలంగాణ" అన్న అరుపులకు తండా దద్దరిల్లింది.

మంగళవారం డాక్టర్ జీపు దిగాడు. అందరూ వరుస కడుతుంటే రుక్కి ఆయన ముందుకు పోయి చేతులు జోడించింది.

"సారూ, జర ఒక్క మాట. సాలమ్మ అవ్వ లేవలేకున్నా నడిచే వస్తనని మొండికేసి కూసున్నది. ముందుగాల మీరే ఆమె గడప తొక్కుండ్రి."