పసుపు మింగిన స్టీరింగ్: జగిత్యాల నుంచి తంగళ్ళపల్లి దాకా పాత వ్యానులో ఒక రోజు

తంగళ్ళపల్లిలోని ఒక కుట్టు కేంద్రం నుంచి మా అక్క సుగుణకు ఫోన్ వచ్చింది. బుధవారం మధ్యాహ్నం రెండింటికి వచ్చి నలుగురికి కటింగ్ నేర్పి చూపించండి, నచ్చితే వారానికి మూడు రోజులు పని ఇస్తాం అన్నారు. అక్కకు చిన్నప్పుడు పోలియో వచ్చి రెండు కాళ్ళూ చచ్చుబడ్డాయి. చక్రాల కుర్చీతో బస్సు ఎక్కడం కుదరదు, ఆటోలో కుర్చీ పట్టదు. మా పాత వ్యానుకు మాత్రం పక్క తలుపు బాగా వెడల్పు. చెక్క వాలు వేసి కుర్చీతో సహా తోసేస్తాను. అంటే అక్క ఉద్యోగం ఆ వ్యాను చేతిలో ఉంది. ఆ వ్యానేమో నెల రోజులుగా నా మాట వినడం మానేసింది. స్టీరింగ్ రాయిలా బిగుసుకుపోయింది. వేగం నలభై దాటితే ముందు చక్రాలు వణికేవి. తిన్నగా పొమ్మంటే ఎడమకు గుంజేది. జగిత్యాలలో చూపిస్తే "తుక్కుకు ఏసుడే మంచిది" అన్నారు. నాకు ఒళ్ళు మండింది. నలభై ఏళ్ళ బండి, నిజమే. నా వయసూ దాదాపు అంతే, నన్నెవరూ తుక్కుకు వెయ్యమనలేదు కదా.

కోరుట్లలో రాజేశం అన్న ఉన్నాడని అక్కే గుర్తుచేసింది. ఆయనది మా జిల్లాలోని ఇబ్రహీంపట్నం దగ్గర ఊరు. గల్ఫ్‌లో చాలా ఏళ్ళు గ్యారేజీలో పని చేసి వచ్చి కోరుట్లలో షెడ్డు పెట్టుకున్నాడు. పాత బళ్ళంటే ఆయనకు ప్రాణం. బుధవారం పొద్దున ఆరున్నరకు జగిత్యాలలో బయలుదేరాం. మామూలుగా ముప్పావుగంట దారి. లారీలకు దారిస్తూ, స్టీరింగ్‌ను రెండు చేతులా బిగించి పట్టుకుని వెళ్ళేసరికి ఎనిమిది దగ్గర పడింది. భుజాలు పీకేశాయి. రాజేశం అన్న టీ తాగుతూనే బండి చుట్టూ ఒక చుట్టు తిరిగాడు.

"ఎన్ని దినాల సంది గిట్ల?"

"నెల అయింది అన్నా. ఎడమకు గుంజుతుంది."

ఆయన జాకీ వేసి ముందు ఎడమ చక్రం లేపాడు. పైనా కిందా పట్టుకుని ఊపాడు. లోపల టక్కుటక్కుమంది. చక్రం అటూ ఇటూ తిరగడానికి ఇరుసు చివర నిలువుగా ఒక లావుపాటి కడ్డీ ఉంటుంది, దాన్ని కింగ్ పిన్ అంటారు. ఆ కడ్డీ చుట్టూ ఉండే ఇత్తడి బుష్షు అరిగిందట. స్టీరింగ్ రాడ్డు చివర కీలు ఒకటి కూడా వదులైంది. బండి బరువు మోసే కమాను కట్టలు మాత్రం మంచిగున్నాయన్నాడు.

"గ్రీజు కొడ్తలేరా చెల్లె?"

నాకు రోషం వచ్చింది. "రెండు నెలలకోసారి నేనే కొడ్త అన్నా. నిండి బయటికి కారేదాకా కొడ్త."

ఆయన గ్రీజు ఎక్కించే చిన్న నిప్పల్‌ని స్పానరుతో విప్పి, సన్నని తీగ పెట్టి లోపల గీకాడు. పచ్చని గట్టి ముద్ద ఊడి అరచేతిలో పడింది. వాసన చూసి నా ముందు పెట్టాడు. పసుపు.

"ఎవలు పెట్టిండ్రు గిది?"

చెప్పక తప్పలేదు. ప్రతి దసరాకు బండి కడిగి, చాప వేసుకుని కింద దూరి, కనిపించిన ప్రతి ఇనుప ముక్కకూ పసుపు రాసి బొట్టు పెట్టేది నేనే. బానెట్టుకు పెట్టి ఊరుకునే మనుషుల మీద నాకు చిన్నచూపు కూడా ఉండేది. మాకు పసుపు కొరత లేదు, మా మేనమామ పొలంలోనే పండుతుంది. తడి పసుపు గోటితో తీసుకుని నిప్పళ్ళకు కూడా నిండుగా పెట్టేదాన్ని. తర్వాత గ్రీజు గన్ను పెట్టి నొక్కినప్పుడల్లా అది లోపలికి దిగి గట్టిపడింది. గ్రీజంతా బయటికే కారింది. నిండిందని నేను మురిసిపోయాను.

"భక్తి మంచిదే చెల్లె. గని, నోట్లెకు బొట్టు పెడితే మనిషి అన్నం ఎట్ల తింటడు?"

వెనక నుంచి అక్క పకపకా నవ్వింది. నాకు సిగ్గుతో చెవులు కాలిపోయాయి.

రాజేశం అన్న ముందువైపు నిప్పళ్ళన్నీ మార్చి, రాడ్డు కీలు కొత్తది వేశాడు. సామాను, కూలి కలిపి పదిహేడు వందలు తీసుకున్నాడు. బుష్షులు మాత్రం కోరుట్లలో దొరకవన్నాడు. "సిరిసిల్ల దిక్కే పోతున్నరు గదా. సాంచెలకు బుష్షులు కోసే లేత్ మిషనోళ్ళు ఉంటరు. గాళ్ళకు ఇది చిటికెల పని. ముప్పై మీద పోనియ్యకు." మరమగ్గాలను అక్కడ సాంచెలంటారు. ఆయనే ఫోన్ చేసి తంగళ్ళపల్లిలో తనకు తెలిసిన లేత్ అతనితో మాట్లాడి పెట్టాడు.

తొమ్మిదిన్నరకు కోరుట్ల వదిలి కథలాపూర్ మీదుగా వేములవాడ దారి పట్టాం. బస్సులో గంటన్నర, మాకు మూడు గంటలు. కథలాపూర్‌లో టిఫినుకు ఆగాం. సర్వపిండి కాలుస్తున్న పెద్దమ్మ మా రాకను దూరం నుంచే చూసినట్టుంది.

"గంత మెల్లగ అస్తున్నరేంది? బండ్ల బాలింత ఉన్నదా?"

"బండే బాలింత పెద్దమ్మా," అంది అక్క. ఆమె ఇంకో సర్వపిండి వేసి పైసలు వద్దంది. వేడివేడిగా, నువ్వులు పంటికింద పడుతూ, ఆ రోజుకు అదే మా భోజనం.

పన్నెండున్నరకు సిరిసిల్ల దాటి తంగళ్ళపల్లి చేరాం. అదృష్టం, లేత్ షాపుకు ఎదురుగానే కుట్టు కేంద్రం. లేత్ అతని పేరు శ్రీనివాస్. బండి కిందికి స్టాండ్లు పెట్టి రెండు ముందు చక్రాలూ ఊడదీశాడు. రెండింటికి నేను అక్కను తోసుకుంటూ రోడ్డు దాటాను.

అక్క కాగితం మీద గీత గీసి, గుడ్డ మడిచి, ఒక్క మిల్లీమీటరు పోకుండా జాకెట్టు కత్తిరించింది. నేర్చుకోవడానికి కూర్చున్న నలుగురూ కుర్చీ సంగతి మరచి ఆమె చేతులే చూశారు. కేంద్రం నడిపే మేడం తలూపింది. తర్వాత నేను భయపడుతున్న ప్రశ్న అడిగింది.

"పని మంచిగున్నది. గని వారానికి మూడుసార్లు జగిత్యాల నుంచి ఎట్లొస్తరు?"

అక్క కిటికీలోంచి చూపించింది. "గదే మా బండి."

మేడం తొంగి చూసింది. రోడ్డవతల మా వ్యాను ముందు కాళ్ళు లేకుండా స్టాండ్ల మీద నిలబడి ఉంది. "చక్రాలేయి?"

"చక్రాలు మా చెల్లె సూసుకుంటది. కటింగ్ నేను సూసుకుంట," అంది అక్క.

మేడం నవ్వింది. సోమవారం నుంచి రమ్మంది. బయటికి వచ్చాక నేను ఏడ్చాను, అక్క ఏడవలేదు.

శ్రీనివాస్ ఇత్తడి కడ్డీ నుంచి రెండు వైపులకూ కలిపి నాలుగు బుష్షులు కోసి, పిన్నుకు సరిపోయేదాకా వెంట్రుకవాసి చొప్పున లోపల గీకి బిగించాడు. చక్రాలు తిరిగి ఎక్కించాక వాటి మధ్య దూరం చూడటానికి ఆయన వాడింది సాంచె మీది నూలు దారం. రెండు టైర్లకు సుద్దగీత పెట్టి, ముందువైపు దారం లాగి ముడేసి, అదే దారం వెనకవైపు పట్టి చూశాడు. ముందువైపు దూరం చీపురుపుల్ల మందం తక్కువ ఉండాలట, అప్పుడే బండి తిన్నగా పోతుందట. చివర్లో గ్రీజు కొట్టాలి. బరువు చక్రాల మీద లేనప్పుడు, స్టీరింగ్ అటూ ఇటూ తిప్పుతూ కొడితేనే మూలమూలకూ పోతుందన్నాడు. ఆయన గన్ను పట్టుకున్నాడు, నేను లైటు పట్టుకున్నాను. తిప్పేవాళ్ళు లేరు.

"నన్ను కూసోబెట్టుండ్రి," అంది అక్క.

ఇద్దరం ఎత్తి డ్రైవర్ సీట్లో కూర్చోబెట్టాం. ఇన్నేళ్ళలో ఆ సీట్లో ఆమె కూర్చోవడం అదే మొదటిసారి. నాకెందుకు తట్టలేదో తెలియదు. అక్క కుడికి పూర్తిగా తిప్పింది, ఎడమకు పూర్తిగా తిప్పింది. గ్రీజు నిండిపోయి చాలని శ్రీనివాస్ చెప్పాక కూడా తిప్పుతూనే ఉంది.

"అన్నా, బ్రేకు, క్లచ్చు చేతులతోటి నొక్కేటట్టు చేస్తరా?" అని అడిగింది.

శ్రీనివాస్ టేపు తీశాడు. "లైసెన్స్ సంగతి కనుక్కోండ్రి. కొలతలైతే ఇప్పుడే తీసుకుంట."

అక్కను మళ్ళీ తన కుర్చీలోకి మార్చి ఆరింటికి బయలుదేరాం. బండి వేలితో తిప్పితే తిరుగుతోంది. దారంతా నేను ఆలోచించింది ఒకటే. ఇన్నాళ్ళూ అక్కను ఎక్కడికైనా తీసుకెళ్తున్నానని గొప్పగా అనుకున్నాను. తనే వెళ్ళాలని అక్కకు ఉందా అని ఒక్కనాడూ అడగలేదు. బండిని పూజించాను గానీ బండికి ఏం కావాలో చూడలేదు. అక్క విషయంలోనూ అంతే చేశానేమో.

పాత బండి ఉన్నవాళ్ళకు ఒక్క మాట. గ్రీజు కొట్టే ముందు నిప్పల్‌ను డీజిల్ గుడ్డతో తుడవండి, ముందు ఇరుసు లేపి స్టాండ్ల మీద పెట్టండి, ఒకరు స్టీరింగ్ తిప్పుతుండగా పాత నల్ల గ్రీజు పోయి కొత్తది కనిపించేదాకా కొట్టండి. ఆ తిప్పే మనిషి ఎవరో మాత్రం ఆలోచించి కూర్చోబెట్టండి. మా అక్క ఇప్పుడు ఆ సీటు దిగనంటోంది.