గాలి తీసిన సంచి

మా వదినకు దేన్నయినా కుదించి పెట్టడం ఒక పిచ్చి. అలమార తలుపు తీస్తే దుప్పట్లు ఇటుకల్లా పేర్చి ఉంటాయి. మాటలూ అంతే. నేను పావుగంట ఊపిరి తిప్పుకోకుండా చెప్పిన కబురుకు ఆవిడ జవాబు "ఊఁ". మెసేజీలో రెండు మాటలు దాటితే వదినకు ఒంట్లో బాగాలేదేమోనని మా అన్నయ్య కంగారుపడతాడు. నేనేమో నోరు తెరిస్తే మూయను. అయినా ఆవిడంటే నాకు ప్రాణం. ఆడపడుచుని కాబట్టి ఆటపట్టించకుండా మాత్రం ఉండలేను.

వదిన ఉద్యోగం ఒక ఆసుపత్రి కంప్యూటర్ల గదిలో. ఒక్క పెద్ద కంప్యూటర్‌నే సాఫ్ట్‌వేర్‌తో పంచి, లోపల వేరువేరు కంప్యూటర్లు ఉన్నట్టు నడిపిస్తారట. వాటిని వర్చువల్ మిషన్లంటారు. రోగుల వివరాలకు ఒకటి, ఎక్స్‌రే బొమ్మలకు ఒకటి. వాటిలో ఏ మార్పు జరిగినా ఊరికి ఆ చివరనున్న రెండో భవనానికి నకలు వెళ్ళాలి. ఇక్కడి కంప్యూటర్ చేతులెత్తేస్తే అక్కణ్ణుంచి పని సాగుతుంది. రెండు భవనాల మధ్య లైను బక్కది కాబట్టి డేటాను కుదించి పంపాలి. ఎంత కుదించాలో సెట్ చేసేది మా వదినే. ఏరి కోరి ఆవిడ కోసమే పుట్టించిన పని అనేదాన్ని నేను.

ఆ ఏడాది కొత్త ఎక్స్‌రే మిషన్లు వచ్చాయి. పావుగంటలో చేరాల్సిన నకలుకు గంట పైనే పట్టసాగింది. వదిన కుదింపును ఒక మెట్టు పెంచింది. ఆలస్యం ఇంకా పెరిగింది. ఆఖరి మెట్టుకు ఎక్కించింది. ఇక కంప్యూటర్ ఫ్యాన్లు హోరెత్తిపోయాయి, కౌంటర్లో వాళ్ళు రోగి పేరు కొట్టి తెర వంక చూస్తూ కూర్చోవాల్సి వచ్చింది, నకలు మూడు గంటలు వెనకబడింది. పై అధికారిణి వదినను పిలిచి, నెలన్నరలో పరీక్ష పెడతామంది. ఉదయం పదింటికి ఇక్కడి కంప్యూటర్ ఆపేస్తారు. పావుగంట ముందు తీసిన ఎక్స్‌రే రెండో భవనంలో కనిపించాలి. కనిపించకపోతే ఈ పని బయటి కంపెనీకి, వదిన టోకెన్ల కౌంటర్‌కి. పదకొండేళ్ళుగా ఆ మిషన్లను కన్నబిడ్డల్లా చూసుకున్న మనిషి ఈ సంగతంతా నాతో మూడు మాటల్లో చెప్పింది.

"నా పని పోతుందే."



ఆ ఆదివారం నా సామాను సర్దుతున్నాం. నేను బడిపంతులమ్మను, వేరే ఊరికి బదిలీ అయింది. గాలి లాగేసే ప్లాస్టిక్ సంచులు తెచ్చింది వదిన. బొంతను అందులో పెట్టి చేతిపంపుతో లాగితే అట్టముక్కంత పలచనవుతుంది. కానీ ఆవిడ మనసు మనసులో లేదు. అప్పటికే గాలి తీసేసిన సంచికి మళ్ళీ పంపు తగిలించి, చెమటలు కారేలా లాగుతూనే ఉంది.

"అందులో గాలి ఎక్కడుంది వదినా? చెయ్యి నొప్పి తప్ప ఇంకేం రాదు."

ఆవిడ చెయ్యి ఆగిపోయింది. సంచిని ఎత్తి అటూ ఇటూ తిప్పి చూసింది. "బొమ్మలు" అంది. మతిపోయిందేమోనని భయపడ్డాను. తర్వాత చెప్పింది. ఎక్స్‌రే బొమ్మను తీసే మిషనే ముందుగా కుదించి దాస్తుందట. దాన్ని మళ్ళీ పిండితే పిసరంత కూడా తగ్గదు, కంప్యూటర్ ఓపిక మాత్రం అయిపోతుంది. లైనును అనుమానిస్తూ కూర్చుంది గానీ, ఆలస్యమంతా ఈ పనికిమాలిన పిండుడు వల్లేనట. ఆ సంబరంలో పెట్టె మూత మూద్దామని ఎగిరి దానిమీద కూర్చోబోయి నేను జారిపడ్డాను. చీలమండ ఎముక చిట్లింది. స్కూలుకు సెలవు పెట్టి, కాలికి కట్టుతో కూర్చున్నాను. నొప్పి సంగతి ఎలా ఉన్నా, ఇంకొన్నాళ్ళు ఇంట్లోనే ఉండొచ్చని లోలోపల సంతోషంగానే ఉంది.

మర్నాడే వదిన బొమ్మల వర్చువల్ మిషన్‌కు కుదింపు పూర్తిగా తీసేసింది. రోగుల వివరాలకు మధ్య మెట్టులో ఉంచింది, అవి వట్టి అక్షరాలు కాబట్టి బాగా ఒదుగుతాయి. ఫ్యాన్లు చల్లబడ్డాయి. మూడు గంటలు గంటయింది, వారం తిరిగేసరికి తొమ్మిది నిమిషాలయింది. అయినా ఆవిడకు నమ్మకం కుదరలేదు. రోజూ కాలుగాలిన పిల్లిలా ఇంట్లో తిరిగింది.

పరీక్ష రోజున నిజం రోగి బొమ్మే కావాలన్నారు. నాకు ఆ వారం ఎలాగూ మళ్ళీ ఎక్స్‌రే తీయాలి కాబట్టి నా కాలు ఇచ్చాను. తొమ్మిదీ నలభై అయిదుకు తీశారు. పదింటికి కంప్యూటర్ ఆపేశారు. నేను బల్లమీద కాలు చాపుకుని, రెండో భవనంలో ఉన్న వదినతో ఫోన్ కలిపి ఉంచాను. అవతల ఎవరో తాపీగా కీలు నొక్కుతున్నారు. అప్పుడు అధికారిణి గొంతు వినిపించింది, ఎవరిదీ కాలు అని.

"మా ఆడపడుచుది మేడం."

తర్వాత వదిన ఫోన్ చెవికి పెట్టుకుని మొదలుపెట్టింది.

"ఒసే, వచ్చిందే. మొత్తం వచ్చింది. నీ చిటికెన వేలు కూడా కనపడుతోంది. ఇక్కడ గీతలా ఉండేది చూడు, అది పూడిపోయిందే, ఎముక అతుక్కుంది. మేడం నవ్వుతున్నారు. నా మిషన్లు నాకే ఉంచుతామన్నారు. నువ్వు ఆ రోజు నోరు మూసుకుని ఉంటే నేనేమైపోయేదాన్నే? నువ్వు వెళ్ళిపోతే ఆ ఇంట్లో నాతో ఎవరు మాట్లాడతారే?"

అలా ఇరవై నిమిషాలు చెబుతూనే ఉంది.

"ఊఁ" అన్నాను.