ముప్ఫై ఒక్క తెల్ల పావులు

ఒక తెల్ల గుర్రం కోసం రాజోలు బయలుదేరాను. చెక్క గుర్రం, రెండంగుళాలకు మించదు.

ఇరవై ఏళ్లుగా పాత ఫ్రెంచి చదరంగం పెట్టెలు పోగు చేస్తున్నాను. పదకొండున్నాయి. వాటిలో అన్నిటికన్నా పాతది, నాకు అన్నిటికన్నా ఇష్టమైనది, నిరుడు రాజమండ్రిలో ఒక పాత సామాన్ల దుకాణంలో దొరికింది. ముప్ఫై రెండు పావుల్లో ఒక తెల్ల గుర్రం లేదు. ఫ్రెంచి పెట్టెల్లో మిగతా పావులన్నీ యంత్రం మీద తిప్పి చేసినవి, గుర్రాన్ని మాత్రం చేత్తో చెక్కుతారు. అందుకే ఒక పెట్టెలో గుర్రం ఇంకో పెట్టెకి అతకదు. నెలనెలా ఫోన్ చేసి విసిగిస్తే ఆ దుకాణదారు చివరికి చెప్పాడు, ఆ పెట్టె రాజోలులో జ్ఞానానందం మాస్టారింటి బీరువా సొరుగులో వచ్చిందని.

ఇంకో సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. నా ఉద్యోగం విజయవాడలో ఒక ప్రెస్సులో ప్రూఫులు దిద్దడం. తప్పు కనపడితే చెయ్యి ఊరుకోదు. ఆ పెట్టెలో నల్ల పావులన్నిటి తలల మీదా చిన్న చిన్న గాట్లుండేవి. ఎవరో పిల్లలు పాడుచేశారనుకున్నాను. నెల రోజులు కూర్చుని, తేనెమైనంలో చెక్కపొడి కలిపి ఒక్కొక్క గాటూ పూడ్చి, పైన లక్క పాలిష్ వేశాను. నల్ల రాజు తల మీది గాటు మరీ లోతుగా ఉంటే ఆ కాస్తా ఆకురాయితో అరగదీసి నున్నగా చేశాను. చూసినవాళ్లంతా మెచ్చుకున్నారు, నేనూ మురిసిపోయాను.

ఆదివారం పొద్దున్న ఆరు గంటల రైలెక్కాను. గుర్రం అసలుదో కాదో పక్కన పెట్టి చూడాలి కదా, పెట్టె సంచిలో పెట్టుకున్నాను. తొమ్మిదికి రాజమండ్రి. స్టేషన్ బయట ఇడ్లీ తిని, బస్ కాంప్లెక్స్‌కి ఆటోలో వెళ్లి, తొమ్మిదిన్నరకి బస్సు పట్టుకుంటే పదిన్నరకి రావులపాలెంలో ఉన్నాను. సంత రోజు కాబోలు, అరటిగెలల లారీల మధ్య నుంచి అమలాపురం బస్సు బయటపడడానికే పావుగంట పట్టింది. టికెట్ ధరలు రాయను, మీరు వెళ్లేసరికి ఎలాగూ మారిపోతాయి. కూర్చునే చోటు కావాలంటే మాత్రం బస్సు పూర్తిగా ఆగకముందే కిటికీలోంచి రుమాలు వెయ్యాలి.

నా పక్కన ఒక అరటికాయల వ్యాపారి కూర్చున్నాడు, అరవై ఏళ్లుంటాయి. కొత్తపేట దాటేదాకా నా ఒళ్లో ఉన్న సంచినే చూస్తూ ఉన్నాడు.

"అంత భద్రంగా పట్టుకున్నారు, దేవుడి విగ్రహమాండీ?"

"చదరంగం పావులండీ. రాజోలు జ్ఞానానందం మాస్టారింటికి వెళ్తున్నాను."

"ఆయ్, మాస్టారింటికా? నాకు లెక్కలు చెప్పేరండీ. తప్పు చేస్తే కొట్టేవారు కాదు. ఎక్కడ తప్పేవో నువ్వే వెతుక్కో అని పలక తిరిగిచ్చేసేవారు. దానికన్నా నాలుగు దెబ్బలు తినడమే నయవండీ."

ఇద్దరం నవ్వుకున్నాం. ఆయన అంబాజీపేటలో దిగిపోయాడు.

పన్నెండుంపావుకి అమలాపురం. బస్టాండు ఎదురు సందులో ఒక మెస్‌లో పనసపొట్టు కూరతో భోజనం చేశాను. రాత్రి ఉండవలసివస్తే బస ఇక్కడే చూసుకోవడం మంచిది, రాజోలులో లాడ్జీలు తక్కువ. ఒంటిగంట బస్సు బోడసకుర్రు వంతెన దాటి, తాటిపాక మీదుగా రెండింటికి రాజోలు చేర్చింది.

మాస్టారిల్లు కాలవ గట్టుకి దగ్గర్లోనే. కొత్తగా గచ్చు చేయించిన వరండాలో ఒకావిడ, యాభై ఐదేళ్లుంటాయి, చర్చికి కట్టిన తెల్లచీరలోనే కూర్చుని పరీక్ష పేపర్లు దిద్దుతోంది. మాస్టారి కూతురు విమల గారు, హైస్కూల్లో టీచరు. వచ్చిన పని చెప్పాను. సంచి వైపు చూసి కలం కింద పెట్టేసింది.

"బీరువా నేనే అమ్మేనండీ," అంది నెమ్మదిగా. "ఇల్లు బాగుచేయిస్తుంటే అడ్డంగా ఉందని అమ్మేసేను, సొరుగు చూసుకోలేదు. ఏడాది అయింది. నాన్నగారు ఒక్క మాట అన్లేదు. అంటే బాగుండేది."

లోపల గదిలో మాస్టారు పడక్కుర్చీలో ఉన్నారు. ఎనభై దాటిన మనిషి, ఇస్త్రీ చొక్కా. నా అడుగుల చప్పుడు విని తల తిప్పారు గాని చూపు నా మీద నిలవలేదు. పక్కన బల్ల మీద చదరంగం పలక ఉంది. గళ్ల చుట్టూ గీతలు లేవు, గీతల చోట కొబ్బరి ఈనెలు సన్నగా చీల్చి అంటించి ఉన్నాయి. వేలితో తడిమితే ఏ గడి ఎక్కడుందో తెలిసేలాగ.

ఆ గాట్లు ఎందుకో అప్పుడర్థమైంది.

"నాన్నగారూ, విజయవాడ నుంచి వచ్చేరు. మన పెట్టె తెచ్చేరు," అంది విమల గారు. ఆవిడ గొంతులో అంత సంతోషం విని, గాట్ల సంగతి చెప్పకుండానే పెట్టె తీసి బల్ల మీద పెట్టాను.

మాస్టారు చొక్కా జేబులోంచి తెల్ల గుర్రం తీసి బల్ల మీద పెట్టారు. "మర్నాడు వెయ్యబోయే ఎత్తు ఏ పావుదైతే దాన్ని జేబులో వేసుకుని తిరగడం నాకలవాటండీ. బీరువా వెళ్లిన రోజున ఇది నా దగ్గరుండిపోయింది. ఇప్పటికీ ఆ ఎత్తు వెయ్యలేదు." పెట్టె తన వైపు జరుపుకున్నారు. "మా తాతగారు యానాంలో ఒక ఫ్రెంచి దొర దగ్గర వంటపని చేసేవారు. ఆ దొర వెళ్లిపోతూ ఈ పెట్టె ఇచ్చేరట."

ఒక్కొక్క పావూ తీసి తల మీద బొటనవేలితో తడమడం మొదలుపెట్టారు. "ఇది తెల్లది," అని ఎడమ వైపు పెట్టారు. "ఇదీ తెల్లదే." చేతిలో ఉన్నది నల్ల బంటు. తర్వాత నల్ల ఏనుగు, నల్ల మంత్రి, అన్నీ ఎడమ వైపుకే వెళ్లాయి. విమల గారి ముఖంలో నవ్వు పోయింది. ఆవిడకి రంగు కనపడుతోంది.

చివరి పావు పెట్టి మాస్టారు చేతులు ఒళ్లోకి తీసుకున్నారు.

"ముప్ఫై ఒకటీ తెల్లవేనండీ. పోలిక అదే గాని నా పెట్టె కాదిది. నాకు చూపు పోయినప్పుడు మా ఆవిడ కరుణమ్మ నల్లవాటికి గాట్లు పెట్టింది. నల్లవెప్పుడూ తనే ఆడేది. తను పోయి రెండేళ్లయింది. తన ఎత్తులూ నేనే వేసుకునేవాణ్ణి." మళ్లీ నా వైపు తిరిగి, "శ్రమపడి వచ్చేరు. కాఫీ తాగి వెళ్లండి," అన్నారు.

నిజం రాస్తాను. క్షమించండి, పొరపాటు పడ్డానని చెప్పి పెట్టె పట్టుకుని బయటపడదామనిపించింది. మూత మీద చెయ్యి కూడా వేశాను. ఆయన నమ్మిన మాటే గదా, నేను అబద్ధం కూడా ఆడక్కర్లేదు. విమల గారు మాత్రం నన్నే చూస్తోంది. బస్సులో అరటికాయల వ్యాపారి చెప్పిన పలక గుర్తొచ్చింది.

"మీ పెట్టేనండీ," అన్నాను. "ఆ గాట్లు నేనే పూడ్చేశాను. పాడయ్యాయనుకున్నాను."

సిగ్గుతో నా చెవులు కాలిపోయాయి.

"దేంతో పూడ్చేరు?" అన్నారు మాస్టారు.

"తేనెమైనంతోనండీ."

"అయితే కరుగుతుంది గదా," అన్నారు, క్లాసులో లెక్క చెప్పినట్టు.

విమల గారు కొవ్వొత్తీ, దబ్బనమూ తెచ్చింది. దబ్బనం వేడి చేసి పాలిష్ గీకి, మైనం తీయడం మొదలుపెట్టాను. ఒక్కొక్క పావుకీ నాలుగైదు నిమిషాలు పట్టింది. గాటు బయటపడగానే ఆయన చేతిలో పెట్టేవాణ్ణి. బొటనవేలు గాట్లో ఉంచి, "ఇది ఆవిడదే," అని కుడి వైపు పెట్టేవారు. బంటులకి గాట్లు వంకరగా ఉన్నాయి, కరుణమ్మ గారు ముందు వాటితో మొదలుపెట్టి ఉంటుంది. పెద్ద పావుల దగ్గరికొచ్చేసరికి చెయ్యి కుదిరింది. అవన్నీ నెల రోజుల పాటు కళ్లతో చూసి కూడా నాకు తెలియలేదు. పదిహేను అలా తిరిగొచ్చాయి.

నల్ల రాజు మిగిలింది. అందులో తీయడానికి మైనం లేదు. అరగదీసిన సంగతి చెప్పాను. విమల గారు చీరకొంగు కళ్లకి అద్దుకుంది.

"ఆకురాయి ఇవ్వమ్మా ఆయనకి," అన్నారు మాస్టారు. "మీరే పెట్టండి."

ఏ పాత పెట్టె మీదా ఇనుము పెట్టకూడదనేది మా సేకరణదారుల మొదటి నియమం, ఈ రాజు మీద నేను అప్పటికే ఒకసారి తప్పింది. ఆకురాయి అంచుతో గాటు పెట్టి ఇచ్చాను. ఆయన తడిమారు. "ఇది ఆవిడది కాదు," అన్నారు. కుడి వైపు వరసలో దాని చోట దాన్ని పెట్టి, "పరవాలేదు. మీదని గుర్తుంటుంది," అన్నారు.

పెట్టె అక్కడే ఉంచేశాను. ఎవరూ అడగలేదు, నేనూ దాని గురించి మాట్లాడలేదు. లేచేటప్పుడు మాస్టారు అడిగారు, "మీరు ఆడతారా?"

"పావులు ఎలా కదులుతాయో తెలుసండీ. ఆడను."

"ఇలాంటి పెట్టెలు మీ దగ్గర ఎన్నున్నాయండీ?"

"పదకొండు." అప్పటికి పదే, అలవాటుగా అనేశాను.

"పదకొండు పెట్టెలుండి ఒక్క ఆటా లేదూ," అన్నారు. "ఆవిడ ఎత్తులు నాకు ముందే తెలిసిపోతున్నాయండీ. అలా ఎన్నాళ్లని ఆడను? ఫోన్ నెంబరు అమ్మాయికిచ్చి వెళ్లండి."

అయిదింటికి పాలకొల్లు బస్సెక్కాను. ఒక్క రాజోలుకే వెళ్లేవాళ్లకి ఇదే దగ్గర దారి, చించినాడ వంతెన మీదుగా గంట లోపే. నేను తెలియక చుట్టూ తిరిగి వచ్చాను. వంతెన మీద పక్క సీటావిడ, "సంచి ఖాళీగా తీసుకెళ్తున్నారు, మామిడి తాండ్రయినా కొనుక్కోలేదా," అంది. లేదన్నాను. కోనసీమలో నేను చూసిందల్లా ఒక గది, ఒక బల్ల. అక్కడి మర్యాద గురించి అందరూ వేళాకోళంగా చెబుతారు గాని, నా తప్పు నా చేతే వెతికించి, మాట పడనివ్వకుండా పంపిన ఆ మర్యాదని నేను మర్చిపోలేను.

పాలకొల్లులో రైలెక్కి కూర్చున్నాక ఫోన్ మోగింది. విమల గారు.

"నాన్నగారు ఎత్తు వేసేరండీ. జేబులో గుర్రంతోనే మొదలుపెట్టేరు. నల్లవి మీవట. మీ ఎత్తు చెప్పమంటున్నారు. వేసేక వెనక్కి తీసుకోకూడదని కూడా చెప్పమన్నారు."

ఆలోచించుకుని చెబుతానన్నాను. ఖాళీ సంచి మీద వేలితో గళ్లు గీసుకుంటూ, భీమవరం దాటేదాకా కళ్లు మూసుకుని ఆలోచించాను. తర్వాత ఫోన్ చేసి, రాజు ముందున్న బంటుని రెండు గళ్లు జరపమని చెప్పాను.