బాపు పెదవి పగిలిన చలికాలం

మొన్నటి చలికి నా పెదవులు పగిలితే మనవరాలు వేలెడంత గొట్టంలో ఏదో పూత తెచ్చి ఇచ్చింది. ధర అడిగి, మూత తీయకుండానే తిరిగి ఇచ్చేశాను. ముసల్దానికి ఓపిక తగ్గింది గానీ పిసినారితనం తగ్గలేదని ఇంట్లో నవ్వుకున్నారు, నవ్వుకోనీ. నా ఈడువాళ్లకు తెలుసు, బొడ్డులో చుక్క నువ్వులనూనె, పెదవి మీద నేతిగిన్నె అడుగు తుడిచిన వేలు, అంతే మన వైద్యం. బడి చదువు నాకు మూడో తరగతితోనే ముగిసింది కానీ, పెదవిని నాలుకతో తడపొద్దనీ, లేచిన తోలును పంటితో పీకొద్దనీ అమ్మ చెప్పిన పాఠం మాత్రం ఇప్పటికీ మరువలేదు.

ఆ పాఠం ఊరికే రాలేదు. శాలిబండలో మాది కంసాలి ఇల్లు, మా నోట్లోకి మెతుకులు వచ్చేది మేం బాపు అని పిలిచే మా నాన్న పెదవుల వల్లనే. దీపం మంటను సన్నని ఇత్తడి ఊదుగొట్టంతో నగ మీదికి మళ్లించి టంకం కరిగించాలి. పెదవులు గొట్టాన్ని బిగించి పట్టకపోతే గాలి పక్కలనుంచి జారి మంట వణుకుతుంది, అతుకు పడదు సరికదా సన్నని బంగారం ముద్దైపోతుంది. అందుకే అమ్మ కాస్త మైనాన్ని నూనెలో కరిగించి బాపు పెదవులకని దాచేది, మేం ముట్టుకుంటే వేళ్ల మీద దెబ్బ పడేది.

అయినా ఒక చలికాలం, పనిలో మునిగితే వచ్చే పాడు అలవాటుతో, బాపు కింది పెదవి తోలు పంటితో పీకేశాడు. నెత్తురు కారి పెదవి వాచింది. సరిగ్గా అప్పుడే యాకుత్‌పురా నుంచి వచ్చిన ఒక పెద్దావిడ, మర్నాడు నిఖాలో కూతురు ముక్కుకు పెట్టుకోవలసిన నత్తు కొక్కెం విరిగిందని బాపు చేతిలో పెట్టి పోయింది, సాయంత్రానికి కావాలంది. నమ్మి ఇచ్చిన నగను మరో కంసాలికి పంపడం మాలో లేదు. పంపామని తెలిస్తే ఆ ఇంటివాళ్లు మళ్లీ మా గడప తొక్కరు. బాపు ఊదబోయి, మంట నిలవక, గొట్టం కింద పెట్టి తల పట్టుకున్నాడు.

అమ్మ చేతులు కడుక్కుని వచ్చి బాపు కుంపటి ముందు, దీపం దగ్గర కూర్చుంది. ఆడవాళ్లు అక్కడ కూర్చోవడం మా ఇంట్లో ఎరగము, కానీ కట్టెలపొయ్యి ఊది ఊది గట్టిపడ్డ ఊపిరి ఆమెది. బాపు చిమటాతో నత్తు పట్టుకున్నాడు, అమ్మ గొట్టం అందుకుంది. గడపలో ఉన్న నాయనమ్మ ఊరుకుంటుందా.

“ఆడిది కుంపటి ముందల కూసుంటే ఇంట్ల లక్ష్మి నిలుస్తదా? ఏందే, నిన్నే, నోరు లేదా నీకు?”

“జర ఊకో అవ్వా,” అన్నాడు బాపు, నత్తు మీంచి చూపు తీయకుండా. “గిప్పుడు ఆమె నోరు తెరిస్తే మన కొంప మునుగుతది.”

అతుకు పడింది. పొద్దుగూకకముందే పెద్దావిడ వచ్చి, అమ్మ పెదవుల మీద గుండ్రటి అచ్చు, ముక్కు మీద మసి చూసి, ఏమైందని అడిగింది. బాపు దాచలేదు, నా పెదవి పగిలింది, ఊదింది ఈమె అన్నాడు. అపశకునమని నత్తు విసిరి పోతుందేమో అనుకున్నాను. ఆమె కొక్కేన్ని గోటితో లాగి చూసింది, వెలుతురుకు తిప్పి చూసింది.

“మియాబీబీ కలిసి అతికిన్రా? షాదీ సొమ్ముకు గింతకన్న ఏం గావాలె, భాయ్.”

బాపు పెదవి కొన్నాళ్లకు మానింది. అయినా సన్నని పని వచ్చినప్పుడల్లా అమ్మను నోరు తెరిచి పిలిచేవాడు కాదు, చాప మీద కొంచెం పక్కకు జరిగేవాడు, అమ్మ వచ్చి కూర్చునేది. నాయనమ్మ కూడా గొణిగి గొణిగి మానేసింది. ఇప్పుడు మా ఇంట్లో ఆలుమగలిద్దరూ సంపాదిస్తున్నారు, ఎవరి పని వారిది, ఎవరి గది వారిది, మంచిదే, నేను తప్పనను. కానీ పక్కకు జరిగి చోటిచ్చే మనిషిని చూసి ఎన్నేళ్లయిందో.